వాగు పక్క రోడ్డుకు సున్నాలు చుట్టిన మనిషి

మా పెద్దమ్మ ఇరవై నాలుగేళ్ళుగా చేస్తున్న పని రోడ్డు మీద సున్నాలు చుట్టడం. పార్కులో వాగు వెంబడి పదకొండు కిలోమీటర్ల తారురోడ్డు ఉంది. పొడుగునా చెట్ల నీడ, ఒక పక్క నీళ్ళ చప్పుడు. అందుకని సైకిళ్ళవాళ్ళు ఎక్కడెక్కడి నుంచో వస్తారు. ఆ నీడనిచ్చే చెట్ల వేళ్ళే తారును కిందినుంచి ఎత్తేస్తాయి. ఆకుల సందుల్లోంచి పడే ఎండమచ్చల్లో ఆ ఉబ్బు ఎంత మంచి కళ్ళకైనా ఆనదు. సైకిలు ఎగిరిపడ్డాకే తెలుస్తుంది.

పెద్దమ్మ మొదట ఆకులు ఊడ్చే పనికి చేరింది. ఒకరోజు ఆమె ముందే ఎవరో పడి పన్ను విరగ్గొట్టుకుంటే, సుద్దముక్కతో ఆ ఉబ్బు చుట్టూ గీసింది. ఆఫీసువాళ్ళు అది చూసి మర్నాడు పసుపు రంగు డబ్బా, కుంచె ఇచ్చారు. చీపురు మాత్రం వెనక్కి తీసుకోలేదు. అప్పటినుంచి వారం వారం రోడ్డంతా నడిచి, ఉబ్బిన ప్రతిచోటా సున్నా చుడుతుంది. తర్వాత తారు పనివాళ్ళు వచ్చి చదును చేస్తారు.

"మాకు మార్కులేస్తున్నావా సున్నాలమ్మా?" అని అరుస్తూ పోయేవాళ్ళు సైకిళ్ళవాళ్ళు.

"మీ తొక్కుడికి అంతకంటే ఎక్కువ రావు నాయనా!" అనేది కుంచె ఊపుతూ.

అమ్మ మంచాన పడ్డప్పుడు నేను తొమ్మిదో తరగతిలో బడి మానేశాను. ఆమె పోయాక పెద్దమ్మ దగ్గరే ఉంటున్నాను. రోడ్డు మూడో వంపు దగ్గరున్న క్యాంటీనులో కప్పులు కడుగుతాను. కిటికీ రోడ్డు వైపే. నాకు నోరు తక్కువ, చూడటమే ఎక్కువ. అలా చూస్తూనే కనిపెట్టాను, పెద్దమ్మకు చూపు తగ్గిపోతోందని. సూదిలో దారం నన్నే ఎక్కించమంటుంది. బస్సు నంబరు పక్కవాళ్ళను అడుగుతుంది. రోడ్డు మీద మాత్రం ఒక్క ఉబ్బూ తప్పిపోయేది కాదు. చెప్పుల్లేకుండా నడిచేది. కళ్ళు చూడాల్సింది అరికాళ్ళు చూసేవి.

రిటైరు కావడానికి ఇంకా రెండేళ్ళుంది. సంగతి బయటపడితే ఈలోపే తీసేస్తారని ఆమె భయం. నాకు తెలుసని ఆమెకూ తెలుసు. ఇద్దరం ఎప్పుడూ ఆ మాట ఎత్తలేదు.

వానలు తగ్గాక కొత్త సూపర్‌వైజరు ఆమెకు బూట్లు తెచ్చాడు. మంచివాడే. వేరే పార్కులో ఎవరి కాల్లోనో గాజుపెంకు దిగిందట.

"అమ్మా, రేపట్నించి ఇవి లేకుండా రోడ్డెక్కకు."

"నాకలవాటు లేదు బాబూ. కాళ్ళు ఉడుకుతాయి."

"ఉడకనీ. కోసుకుంటే ఆస్పత్రి చుట్టూ తిరిగేది నేనేగా," అని నవ్వాడు. "రూలమ్మా. నాక్కూడా తప్పదు."

మొదటిరోజు బూట్లతో ఆమె నడకే మారిపోయింది. నాలుగడుగులు వేయడం, వంగి చేత్తో తారు తడమడం, మళ్ళీ నాలుగడుగులు. సాయంత్రం ఇంటికొచ్చి గోడకు ఆనుకుని కూర్చుండిపోయింది. కంచం ముందు పెట్టినా చెయ్యి చాపలేదు.

"నడుం పడిపోయిందే. కాళ్ళకి మూతలు పెట్టినట్టుంది."

"విప్పేయొచ్చుగా పెద్దమ్మా, ఎవరు చూస్తారు?"

"చూస్తే ఏమని చెప్పను? ఆ అబ్బాయి నా మంచికేగా ఇచ్చింది."

మూడు రోజులకు వంగడం మానేసింది. కిటికీలోంచి చూశాను. తలెత్తుకుని, అలిసిన మనిషి ఇల్లు చేరుకుంటున్నట్టు, మూడో వంపు దాటిపోయింది. సున్నా చుట్టలేదు. అక్కడ ఉబ్బు ఉందో లేదో నాకూ తెలియదు. పరిగెత్తి వెళ్ళి అడగాల్సింది. కప్పులు కడుగుతూ ఉండిపోయాను.

శనివారం పొద్దున అక్కడే మాస్టారు పడ్డాడు. లెక్కలు చెప్పి రిటైరయ్యాడు. రోజూ ఎర్రటోపీ పెట్టుకుని తొక్కుకుంటూ వస్తాడు. మోచెయ్యి చీరుకుపోయింది. నేను నీళ్ళు తీసుకుని పరిగెత్తాను. సూపర్‌వైజరు వచ్చాడు. వెనకే రంగు డబ్బాతో పెద్దమ్మ.

"ఇక్కడ సున్నా లేదు సార్," అన్నాడు సూపర్‌వైజరు. "సున్నా లేదంటే ఉబ్బు లేనట్టే. మా సున్నాలమ్మ వదలదు. మీరే కాస్త స్పీడుగా..."

"అయ్యుంటుంది," అన్నాడు మాస్టారు సిగ్గుపడుతూ. "డెబ్బై దాటాయి. సైకిలు అమ్మేయమని మా ఆవిడ ఎప్పట్నించో పోరుతోంది. ఇక అమ్మేస్తాలే."

ఆ మాటకు పెద్దమ్మ డబ్బా కింద పెట్టింది. ఊరుకుని ఉంటే అంతటితో పోయేది. రోడ్డు అంచున కూర్చుని బూట్లు విప్పింది. అటూ ఇటూ పది అడుగులు వేసి, ఒకచోట ఆగి, మడమతో తట్టింది.

"ఇక్కడుంది. మీ తప్పేం లేదు సారూ. నాకు కళ్ళు ఆనవు. ఇన్నాళ్ళూ కాళ్ళతో నెట్టుకొచ్చా."

"అదేంటమ్మా! నాతో ఒక్క ముక్క చెబితే..."

"చెబితే ఉంచేవాడివా?"

సూపర్‌వైజరు వంగి ఆమె విప్పిన బూట్లు చేతిలోకి తీసుకున్నాడు. మాస్టారు కుంటుతూ వచ్చి, వంగి తడిమి చూసి, "ఉంది, ఉంది," అన్నాడు. మోచేతినుంచి రక్తం కారుతున్నా ఆయన మొహంలో నిమ్మళం కనబడింది.

సోమవారం నుంచి ఆమెను రోడ్డు మీదికి రావద్దన్నారు. కళ్ళ పరీక్ష అయ్యాక మొక్కలకు నీళ్ళు పట్టే పని అడిగి చూస్తాననీ, మాట మాత్రం ఇవ్వలేననీ చెప్పి, సూపర్‌వైజరు ఆ పరీక్షకు నింపాల్సిన కాగితం ఆమె చేతిలో పెట్టాడు.

సాయంత్రం ఇంట్లో ఆ కాగితం నేనే చదివి నింపాను. చూపు ఎప్పటినుంచి తగ్గింది అని ఒక ప్రశ్న ఉంది. అక్కడ పెన్ను ఆపాను.

"ఈమధ్యే అని రాయనా పెద్దమ్మా? ఇన్నాళ్ళూ దాచావని తెలిస్తే ఆ నీళ్ళ పని కూడా ఇవ్వరేమో."

ఆమె గోడకు తల ఆనించి కళ్ళు మూసుకుంది. నిద్రపోయిందనుకున్నాను.

"మూడేళ్ళని రాయి," అంది. "దాయడానికి ఇక ఓపిక లేదే."

రాశాను. పెన్ను ఆమె చేతికిచ్చి, సంతకం పెట్టాల్సిన గీత దగ్గరికి ఆ చేతిని జరిపాను.