పెద్దమ్మ కూర్చునే సీటు

మా పెదనాన్న కార్ల సీట్లకు కవర్లు కుడతాడు. ముప్పై అయిదేళ్ళుగా అదే పని. ఎవరైనా కారు తెచ్చి షెడ్డు ముందు ఆపితే ఆయన ఇంజను సంగతి అడగడు, మైలేజీ అడగడు. తలుపు తీసి సీటు మీద పిడికిలి ఆనించి, కళ్ళు మూసుకుని ఒక్కసారి నొక్కుతాడు. ఆ కారు వయసెంతో, అందులో ఏ పక్క ఎవరు కూర్చుంటారో, వాళ్ళు లావో సన్నమో చెప్పేస్తాడు. ఒకసారి ఒక పెద్దమనిషి కారు వెనక సీటు నొక్కి, ఇక్కడ కూర్చునేవాళ్ళు దారి పొడుగునా అటూ ఇటూ కదులుతూనే ఉంటారే అన్నాడు. ఆ పెద్దమనిషి అక్కడే స్టూలు లాక్కుని తన అత్తగారి గురించి అరగంట చెప్పుకున్నాడు.

వేల కార్లు చూసిన ఆ మనిషికి సొంత కారు లేదు. కావాలని ఎప్పుడూ అనుకోలేదు. పోయినేడు మాత్రం కొంటానని కూర్చున్నాడు. కారణం మా పెద్దమ్మ. ఆమె అప్పటికి ఎనిమిది నెలలుగా గేటు దాటలేదు.

పెద్దమ్మ పోస్టాఫీసులో ఉత్తరాలు పంచే పని చేసేది. ఇరవై ఎనిమిదేళ్ళు ఊరంతా సైకిలు మీద తిరిగింది. ఏ వీధిలో ఏ కుక్క కరుస్తుందో, ఏ ఇంట్లో ఎవరికి ఎవరి దగ్గర్నుంచి ఉత్తరం రాకూడదో అన్నీ తెలుసు. పెదనాన్న ఆమెను ఇప్పటికీ 'పోస్టు మేడం' అనే పిలుస్తాడు. రిటైరైన ఏడాది తిరక్కుండానే మెట్ల మీద జారి తుంటి విరగ్గొట్టుకుంది. ఆపరేషన్ చేసి కొత్త కీలు వేశారు. ఇంటికి పంపేరోజు ఆసుపత్రి గుమ్మంలో ఇద్దరం చెరో పక్కా చంకల కింద చేతులేసి ఆమెను వ్యానులోకి ఎత్తాం. ఆ ఇద్దరిలో ఒకణ్ణి నేనే. చుట్టూ జనం చూస్తున్నారు. ఇంటికొచ్చి కుర్చీలో కుదురుకున్నాక అంది:

"ఇన్నేళ్ళూ పార్సిళ్ళు నేను మోశాను. ఇవాళ నన్నే పార్సిల్ చేశారు. ఇంకెప్పుడూ ఎవరూ నా మీద చెయ్యి వెయ్యొద్దు. నా అంతట నేను ఎక్కగలిగితేనే బండెక్కుతా. లేదంటే ఇల్లుంది."

పెద్దమ్మ అన్న మాట వెనక్కి తీసుకునే మనిషి కాదు. కుర్చీలోంచి లేస్తుంటే సాయం పట్టబోయిన మా అమ్మ చేతి మీద చేతికర్రతో ఒకటి వేసింది, అక్కాచెల్లెళ్ళన్న మొహమాటం కూడా లేకుండా. వ్యాయామాలు చేయించే అమ్మాయి ఇంటికే వచ్చి వెళ్ళేది. మొదట్లో పెద్దమ్మ కిటికీ దగ్గర కూర్చుని వీధి చూసేది. కొన్నాళ్ళకు కుర్చీ గోడ వైపు తిప్పుకుంది. పెదనాన్న అది చూసిన రోజే నన్ను పిలిచాడు.

నేను ఇంజనీరింగు రెండో ఏడాదిలో మానేశాను. ఎందుకు మానేశానన్నది ఇక్కడ అనవసరం. కార్ల గురించి మాత్రం రాత్రీ పగలూ చదువుతాను. డాక్టరు పెట్టిన నియమం ఒకటే: కూర్చున్నప్పుడు ఆమె మోకాలు తుంటి కంటే పైకి రాకూడదు. అంటే చిన్న కార్లు పనికిరావు, సీటు కిందకుంటుంది, తలుపు ఇరుకు. ఎత్తు బళ్ళయితే కాలు పైకి లేపి ఎక్కాలి, అదీ కుదరదు. మిగిలింది మిడ్‌సైజ్ సెడాన్. ఆ ఏడాదే అలాంటివి మూడు కొత్త రూపంతో వచ్చాయి. మూడు షోరూంలూ ఒకే రోడ్డు మీద. మేం వాటిని ఎర్రది, తెల్లది, బూడిదది అనుకున్నాం, షోరూముల్లో పెట్టిన రంగుల్ని బట్టి.

నాకైతే ఎర్రది చాలు. టర్బో ఇంజను. ఆక్సిలరేటర్ మీద కాలు పెడితే వీపు సీటుకు అతుక్కుంటుంది. మలుపులో స్టీరింగు మనసులో మాట విన్నట్టు తిరుగుతుంది. తెల్లదాంట్లో ఇంజను మామూలే గానీ హంగులకు లోటు లేదు: గాలి ఊదే సీట్లు, బటన్ నొక్కితే పైకీ కిందకీ కదిలే సీటు, లైను దాటితే మందలించే స్టీరింగు, వెనక ఎవరున్నారో చూపించే కెమెరాలు. ధర కూడా అందుకు తగ్గట్టే, మూడింటిలోకీ ఎక్కువ. బూడిదది అన్నిటికంటే చవక. దాన్ని కొత్తగా చేశామన్నారు గానీ మొహం, దీపాలు మార్చి, లోపల పెద్ద తెర పెట్టి, మిగతాదంతా పాత పెట్టెలాగే ఉంచేశారు. పికప్ గురించి మాట్లాడకపోవడమే మర్యాద. నేను ఫోనులో మూడింటికీ మార్కులు వేసి పెదనాన్నకు చూపించాను. ఎర్రదానికి ఎనభై రెండు, తెల్లదానికి డెబ్బై తొమ్మిది, బూడిదదానికి అరవై ఒకటి. చూసి, బాగుందిరా అని, జేబులోంచి టేపు తీశాడు.

షోరూములో ఆయన పని చూసి తీరాలి. అమ్మే అమ్మాయి హార్స్‌పవర్ గురించి చెబుతూనే ఉంటే, ఈయన నేల మీద మోకాళ్ళూని సీటెత్తు కొలుస్తున్నాడు. తలుపు ఎంత వెడల్పు తెరుచుకుంటుందో కొలిచాడు. సీటుకీ కప్పుకీ మధ్య కొలిచాడు. సీటు మీద పిడికిలి పెట్టి కళ్ళు మూసుకున్నాడు. అంకుల్‌కి ఒంట్లో బాగానే ఉందా అని ఆ అమ్మాయి నన్ను మెల్లగా అడిగింది.

ఎర్రది మొదటి నిమిషంలోనే పోయింది. కొత్త రూపంలో అందం కోసం దాన్ని నేలకు దింపేశారు, సీటెత్తు పద్దెనిమిది అంగుళాలు. ఇంట్లో పెద్దమ్మ కుర్చీ ఇరవై ఒకటి. బూడిదది ఇరవైన్నర ఉంది, తలుపు కూడా బార్లా తెరుచుకుంటుంది, కప్పు ఎత్తుగా ఉంది. కానీ దాని స్పాంజి మరీ మెత్తన. మనిషి కూర్చుంటే మూడు అంగుళాలు దిగిపోతుందని తేల్చాడు. తెల్లదాని సీటు బటన్‌తో ఇరవై రెండు దాకా లేస్తుంది. దాని కప్పు కొత్త రూపంలో వెనక్కి వాలుగా దిగింది, తలకు చోటు తక్కువ. అయినా పెద్దమ్మ కూర్చుంటే రెండు అంగుళాలు దిగుతుంది కాబట్టి తల పైన ఇంకా రెండు వేళ్ళ సందు మిగులుతుందని లెక్క వేశాడు. కుట్టు మిషను మార్చుకోవడానికి దాచుకున్నది కూడా ఇందులోకే పోతుందని నేను అంటే, పాత మిషను నా మాట వింటుందిలే అన్నాడు.

పెద్దమ్మ షోరూముకు రాదు కాబట్టి తెల్లదాన్నే ఒకసారి ఎక్కి చూడ్డానికి ఇంటికి తెప్పించాం. ఆదివారం పొద్దున గేటు ముందు ఆగింది. పెద్దమ్మ తల దువ్వుకుని, మంచి బట్టలు కట్టుకుని, కర్ర టకటకలాడించుకుంటూ వచ్చింది. ఆ అలికిడికే పక్కింటివాళ్ళు బయటికొచ్చారు. పెదనాన్న సీటును బటన్‌తో పూర్తిగా పైకి లేపి, తలుపు తీసి పట్టుకున్నాడు.

వ్యాయామాల అమ్మాయి నేర్పిన పద్ధతి ఒకటుంది. కారుకు వీపు పెట్టాలి, చేత్తో సీటు తడుముకుని ముందు కూర్చోవాలి, తర్వాత రెండు కాళ్ళూ కలిపి లోపలికి తిప్పాలి. పెద్దమ్మ సరిగ్గా అలాగే కూర్చుంది. కాళ్ళు తిప్పబోతే తలుపు పై చట్రం తలకు ఠప్పున తగిలింది. కొంచెం ముందుకు జరిగి మళ్ళీ తిరిగింది. మళ్ళీ తగిలింది. మెడ ఇంకా వంచితే తుంటి ఒప్పుకోలేదు. సగం లోపల, సగం బయట ఉండిపోయింది. పక్కింటాయన అయ్యయ్యో అంటూ ఒక అడుగు ముందుకేశాడు. పెదనాన్న చెయ్యి కూడా దానంతట అదే ముందుకు వచ్చింది. పెద్దమ్మ ఆ చేతి వైపు చూసింది. ఆయన వెనక్కి తీసుకున్నాడు. తలుపు పట్టుకుని ఆమె తనంతట తాను నిలబడటానికి ఒక నిమిషం పట్టి ఉంటుంది.

"నాకు ఇల్లు సరిపోతుందిలే," అని లోపలికి వెళ్ళిపోయింది.

నాకు కోపం వచ్చింది. ఇన్ని కొలతలు కొలిచి ఇదేనా అని అందామనుకున్నాను. పెదనాన్న నా మాట వినే స్థితిలో లేడు. ఆమె కూర్చున్న చోట అరచేయి ఆనించి అలాగే ఉన్నాడు. నన్ను కూర్చుని లేవమన్నాడు. లేచాక నేను కూర్చున్న చోట గుంట నెమ్మదిగా పొంగడం చూశాడు. తర్వాత కారు చక్రం పక్కన నేల మీదే కూలబడ్డాడు.

"సీటు దిగలేదురా," అన్నాడు. "రెండంగుళాలు దిగుతుందని లెక్కేశాను కదా, అరంగుళం కూడా దిగలేదు. నేను పోయినేటి మనిషికి లెక్కేశాను. ఇప్పుడామె సగం కూడా లేదు." బటన్‌తో కిందకి దింపుదామా అంటే, దింపితే సీటు వెనక్కి వాలి మోకాళ్ళు పైకి లేస్తాయన్నాడు.

ఎవరి కారులో ఎవరు కూర్చుంటారో పిడికిలితో చెప్పే మనిషికి ఇంట్లో మనిషి తగ్గిపోవడం తెలియలేదు. తెలిసే దారీ లేదు. ఎనిమిది నెలలుగా ఆమె ఎవర్నీ చెయ్యి వేయనివ్వలేదు. వదులు బట్టలు, పైన శాలువా. కుర్చీలో మెత్త ఆయన కుట్టిందే గానీ, అది పాత స్పాంజి, ఎవరు కూర్చున్నా ఒకేలా ఉంటుంది.

కారును పంపేసి ఆయన లోపలికి వెళ్ళాడు. నేను వెనకే వెళ్ళాను, వెళ్ళకుండా ఉండాల్సింది. ఆమె కుర్చీ గోడ వైపే ఉంది. ఆయన ఆమెకూ గోడకూ మధ్య నేల మీద కూర్చుని, తప్పు తనదేనని చెప్పాడు. ఆమె ఎక్కలేకపోవడం కాదు, సీటే ఆమెకు సరిపడా దిగలేదన్నాడు. ఆమె నమ్మలేదు. నన్ను బుజ్జగించకు అంది.

"బుజ్జగించడం లేదు. నీ బరువు తెలియకుండా నేను కొలిచాను. ఇన్నేళ్ళ పనిలో ఇలాంటి పని ఎవరికీ చెయ్యలేదు."

"ఎంత తగ్గానేంటి?"

"నాకేం తెలుసు? నువ్వు ముట్టుకోనివ్వవుగా."

పెద్దమ్మ శాలువా సర్దుకుంది. తర్వాత ముక్కుతో చిన్నగా నవ్వింది. రేపు షెడ్డుకు వస్తే కొలత తీసుకుంటానని ఆయన అన్నాడు. షెడ్డు ఇంటికి నాలుగిళ్ళ అవతలే. నడిచి వస్తా, పక్కన ఎవరూ ఉండకూడదు అంది.

మర్నాడు ఆమె నడిచింది. పదడుగుల వెనక నేను, అటు తిరిగి ఫోను చూసుకుంటున్నట్టు. నాలుగిళ్ళకూ పావుగంట పట్టింది. దారిలో ఇద్దరు ఆగి, మా ఇంటికి ఉత్తరాలు ఇప్పుడెవరో కుర్రాడు తెస్తున్నాడు, గేటు మీదినుంచి విసిరేస్తున్నాడని ఫిర్యాదు చేశారు. పెద్దమ్మ ఆ కుర్రాణ్ణి చూస్తానంది.

షెడ్డులో పెదనాన్న ఇనప చట్రం మీద నాలుగు రకాల స్పాంజి ముక్కలు సిద్ధం చేసి ఉంచాడు. ఒక్కోదాని మీద ఆమె కూర్చుంటుంది, లేస్తుంది. ఆయన పక్కన ఒంగి టేపు పెట్టి ఎంత దిగిందో చూసి సుద్దముక్కతో చెక్క మీద రాసుకుంటాడు.

"పెళ్ళయిన ఇరవై ఏడేళ్ళకి కొలతలా?" అంది పెద్దమ్మ. "కస్టమర్లకు చెప్పకు, పరువు పోతుంది."

నిజానికి వాళ్ళ పరిచయం కూడా కస్టమరుగానే. కొత్తగా ఉద్యోగంలో చేరినప్పుడు సైకిలు సీటు ఒరుసుకుంటోందని ఆమె ఈ షెడ్డుకే వచ్చిందట. ఆయన రెగ్జిన్‌తో కవరు కుట్టి డబ్బులు వద్దన్నాడట. ఆమె డబ్బులు మిషను మీద పెట్టి, ఊరికే కుట్టేవాళ్ళ కుట్లు నిలవవు అని వెళ్ళిపోయిందట. ఆ కవరు పదకొండేళ్ళు నిలిచింది.

నాలుగో ముక్క మీద కూర్చున్నప్పుడు ఆమె అచ్చం ఆయనలాగే కళ్ళు మూసుకుంది. కింద గట్టిది, పైన మెత్తది, రెండు పొరలు అంటించిన ముక్క అది. ఇది అంది. అంతే.

మేం బూడిదది కొన్నాం. తలుపు వెడల్పు, కప్పు ఎత్తు, ధర మూడూ దానివే. సీటు ఒక్కటే తప్పు. అది తప్పైతే ఆయన దగ్గర మందుంది. సీటు విప్పితే దానికి గ్యారంటీ పోతుందని షోరూం అమ్మాయి హెచ్చరించింది. ఆయన సంతకం పెట్టి, వీపు ఆనే భాగం తాను ముట్టుకోనని ఆమెకే భరోసా ఇచ్చాడు. దాని పక్క కుట్టు వెనక ఎయిర్‌బ్యాగ్ ఉంటుంది, గుద్దుకున్నప్పుడు ఆ కుట్టు తెగేలా పలచటి దారంతో వేస్తారు, తెలియనివాడు అక్కడ గట్టిగా కుడితే ప్రాణం మీదకు వస్తుంది. కూర్చునే భాగం మాత్రం ఊడదీసి, పెద్దమ్మ చెప్పిన స్పాంజి కోసి పెట్టి, ఎత్తు సరిగ్గా ఇరవై ఒకటికి తెచ్చాడు. రెండు రోజులు కొత్త పనేదీ ముట్టుకోలేదు. నేనింకా పికప్ గురించి నసుగుతుంటే, అంత తొందరగా ఎక్కడికెళ్ళాలిరా నువ్వు అన్నాడు.

కారు గేటు ముందుకు తెచ్చిన రోజు ఎవరినీ పిలవలేదు. పెద్దమ్మ వచ్చి కారుకు వీపు పెట్టింది. చేత్తో సీటు తడిమింది. కూర్చుంది. సీటు ఆమె కింద కొద్దిగా, మర్యాదగా దిగింది. నేను డ్రైవరు సీట్లోంచి ఆమె మోకాళ్ళు చూస్తున్నాను. తుంటి కంటే పైకి లేవలేదు. పెదనాన్న తలుపు పక్కన నిలబడి, రెండు చేతులూ వెనక్కి కట్టుకుని, ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకున్నాడు. ఆమె కాళ్ళు రెండూ కలిపి తిప్పడం మొదలుపెట్టింది. ఒక చెప్పు గుమ్మానికి తగిలి ఆగింది. ఆయన కదల్లేదు. ఆమె మళ్ళీ కొంచెం వెనక్కి జరిగి, కాళ్ళు లేపి, లోపల పెట్టుకుంది. కర్ర ఒళ్ళో పెట్టుకుంది. బెల్టు తనే లాక్కుని పెట్టుకుంది.

ఆయన ఇంకా అలాగే చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు, ఇంకేదో జరగాలన్నట్టు.

"తలుపు వెయ్యి," అంది పెద్దమ్మ. "దుమ్మొస్తోంది."