భద్రాచలంలో రష్యన్ క్లాసు

భద్రాచలంలో రష్యన్ నేర్పుతానంటే మొదట మా ఇంట్లోవాళ్లే నవ్వారు. రష్యాలో డాక్టరీ చదవబోయే పిల్లలకు ఓ కోచింగ్ సెంటర్‌లో పాఠాలు చెప్పేవాణ్ణి. అక్కడంతా ఇంగ్లీషులోనే నడుస్తుందని ఏజెంటు ముందే ఊదరగొట్టి పంపేవాడు. ఇక నా పాఠం ఎవరికి కావాలి, నా మొహం! కునికిపాట్లు పడేవాళ్లు. నాకు ఒళ్లు మండేది.

"రేపు అక్కడ ఉప్పు కొనాలంటే ఏజెంటుకు ఫోన్ చేస్తారా?" అని అరిచేవాణ్ణి. నవ్వి ఊరుకునేవాళ్లు.

ఒక్క పిల్ల మీద మాత్రం ఆశ ఉండేది. దుమ్ముగూడెం అవతల కోయ గూడెం నుంచి వచ్చింది. చిన్నప్పటినుంచీ హాస్టల్ చదువే. ఆమెకొచ్చిన సీటుకు ఓ మెలిక ఉంది. బయల్దేరే ముందు రష్యన్‌లో ఇంటర్వ్యూ నెగ్గాలి, లేకపోతే సీటు పోయినట్టే. అయినా నోరు మెదిపేది కాదు.

"నీకేం తల్లీ, ఇంట్లో కోయ, బడిలో తెలుగు. రెండు భాషలొచ్చినవాళ్లకు మూడోది మంచినీళ్లు తాగినంత సులువు" అని ఎక్కించాను. ఆదివారం ఇంటికి వెళ్తుంటే పని కూడా అప్పజెప్పాను. నానమ్మ చేత ఓ కథ చెప్పించుకుని రావాలి, విన్నది విన్నట్టు కోయలో చెప్పి, తర్వాత రష్యన్‌లోకి తేవాలి. నా తెలివికి నేనే మురిసిపోయాను.

సోమవారం వచ్చి తల దించుకుని నిలబడింది.

"కథ ఏదమ్మా?"

"నానమ్మ చెప్పింది సార్. నాకే సమజ్ కాలే. మా అమ్మ తెలుగుల చెప్పింది."

"అదేంది, నీకు కోయ రాదా?"

"హాస్టల్ల కోయ మాట్లాడితే కొట్టేటోళ్లు సార్. తెలుగొచ్చింది, అది పోయింది. ఇప్పుడు ఇది వస్తే ఏది పోతది సార్?"

"పుస్తకం తియ్యి" అన్నాను.

ఆ రోజు నుంచి పట్టుబట్టి చదివింది. ఇష్టంతో కాదు, పథ్యం తిన్నట్టు. ఇంటర్వ్యూ నెగ్గింది. సెంటర్‌లో మిఠాయిలు పంచారు. అబద్ధమెందుకు, నాకు సంతోషం కలగలేదు.

ప్రయాణం రోజు బస్టాండుకు వెళ్లాను. కిటికీ దగ్గర నిలబడి నానమ్మ గబగబా ఏదో చెబుతోంది. పిల్ల అవ్, అవ్ అని తలూపుతోంది, చూపు మాత్రం వాళ్లమ్మ మీదే ఉంది. బస్సు వెళ్లిపోయాక ముసలమ్మ నా చెయ్యి పట్టుకుని ఏదో అడిగింది. పక్కనే ఉన్న పిల్ల తండ్రి తెలుగులో చెప్పాడు.

"డాక్టరై వచ్చినంక, నా రోగం ఏందో దానికి ఎవరితోని చెప్పియ్యాలె అని అడుగుతుంది సార్, మా అమ్మ."