పళ్ళెం చుట్టూ వేలిముద్రలు

పోయిన శుక్రవారం మధ్యాహ్నం సౌదీలోని నా గదిలో పొయ్యి మీద అన్నం పెట్టి, ఫోను చూస్తూ కూర్చున్నాను. గ్వాటెమాలా అనే దేశపు మాయా ఆదివాసీ మహిళ ఒకామె మైకు ముందు నిలబడి మాట్లాడుతోంది. చేత్తో నేసిన రంగుల రవిక, నెరుస్తున్న జడ. సైన్యం ఎత్తుకుపోయిన తన ఊరివాళ్ళ ఎముకలైనా చూపించమని అడుగుతోంది. ఆమె భాష నాకు ఒక్క ముక్క రాదు, కింద వచ్చే అక్షరాలు చదివి తెలుసుకున్నదే. కానీ గొంతు పెంచకుండా, ఎదుటివాళ్ళ ముఖంలోకి చూస్తూ, అడిగిందే మళ్ళీ అడుగుతున్న ఆ తీరు చూస్తుంటే అన్నం అడుగంటిన వాసన కూడా నాకు తెలియలేదు. అట్లా అడిగే మనిషిని నేనొకసారి దగ్గరగా చూశాను. చూసి, ఆమెకు ద్రోహం చేశాను.

నా ఈడువాళ్ళలో ఇరవై ఏళ్ళ కిందట సౌదీకి వచ్చినవాళ్ళకు గుర్తుండే ఉంటుంది. దిగగానే పాస్‌పోర్టు కంపెనీవాళ్ళు తీసుకునేవారు, ఇక్కడ ఉండటానికిచ్చే ఇకామా కార్డు వచ్చాక అదీ ఆఫీసు సొరుగులోనే ఉండేది. సౌదీ అంటే ఇసుకే అనుకునేవాళ్ళు నమ్మరుగాని, అభా కొండ మీది ఊరు, పట్టపగలే పొగమంచు దిగేది, రోడ్డు పక్కన కోతులు గుంపుగా కూర్చుని వచ్చేపోయే బండ్లను చూసేవి. అక్కడ ఒక క్లీనింగ్ కంపెనీలో నేను హాజరు గుమాస్తాను. జగిత్యాల దగ్గరి పల్లె నుంచి వచ్చి ఆరేళ్ళయింది, అరబ్బీ రాయడం పట్టుబడింది, సొరుగు తాళంచెవి నా మొలతాడుకే ఉండేది. దానికి నేను గర్వపడేవాణ్ణని చెప్పడానికి ఇప్పుడు సిగ్గేస్తోంది.

మా కంపెనీ తరఫున పద్నాలుగు మంది ఆడవాళ్ళు ఒక ఆసుపత్రిలో పనిచేసేవారు. వాళ్ళలో ఒకామె ఉట్నూరు వైపు గోండు మనిషి, నాకంటే పెద్దది, అక్కా అని పిలిచేవాణ్ణి. చదువు లేదు. సూదులున్న చెత్తను వట్టి చేతులతో ఎత్తమంటే ఎత్తకుండా, గ్లౌజులు వచ్చేదాకా బకెట్ పక్కన నిలబడే ఉంది. శుక్రవారం సెలవు కూడా ఆమె అడిగితేనే వచ్చింది. మరొకామె కడప జిల్లా నుంచి వచ్చిన ముస్లిం మనిషి, నెమ్మదస్తురాలు, అందరికీ చిన్నమ్మ. ఆ చలికాలం ఆమెకు ఆయాసం పట్టుకుంది. తాను రోజూ తుడిచే ఆసుపత్రిలోనే చూపించుకుందామని వెళ్తే, కార్డు లేదని కిటికీ దగ్గరే తిప్పి పంపేశారు.

అక్క నేరుగా నా బల్ల దగ్గరికి వచ్చింది. "తమ్మీ, గీ దవఖాన నేల మేం తుడుస్తం. గిందుల పండాలంటె కార్డు గావాల్నట. అదేమో నీ సొరుగుల గుర్రువెట్టి పండింది" అంది. వెనకే వచ్చిన చిన్నమ్మ ఆమె కొంగు పట్టుకుని లాగుతూ, "నా కోసరం రచ్చ చేయొద్దు మే, ఉండే అన్నం కూడా పోతాది" అంది. అక్క నవ్వి, "నీ ఒక్కదాని కోసమా? రేపు నా వంతు. ఊకో" అంది.

అందరి కార్డులూ అందరి చేతికి ఇవ్వాలని, లేకుంటే లేబర్ ఆఫీసుకు పోతామని అర్జీ నా చేతే రాయించారు. సంతకాలకు వరుసగా గీతలు గీస్తుంటే అక్క వద్దంది. తాను తినే స్టీలు పళ్ళెం కాగితం మీద బోర్లించి, చుట్టూ పెన్నుతో గుండ్రంగా గీసి, ఆ గీత వెంట వేళ్ళు వేయమంది. "జంగ్లాతోళ్ళ మీద, గదే ఫారెస్టోళ్ళ మీద అర్జీ వెడితే మా దిక్కు గిట్లనే పెడ్తం. ముందుగల ఎవరు ఏలు పెట్టిన్రని అడిగిన్రనుకో, పల్లెం ఏడ షురువైతదో నువ్వే చెప్పు సారూ అంటం" అంటే అందరూ పడీపడీ నవ్వారు. ఇంకు పట్టుకుని నిలబడ్డ నేనూ నవ్వాను.

మర్నాడు మా ముదీర్, అంటే మేనేజరు, ఆ కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. ఆ వేళ్ళలో మొదటిది ఏదో, చివరిది ఏదో అతనికి తెలియలేదు. అప్పుడు నన్ను పిలిచాడు. పుట్టి ఎనిమిది నెలలైనా నేను ఇంకా చూడని నా కూతురి దగ్గరికి పోవడానికి సెలవు కాగితం అతని బల్ల మీదే ఉంది. దాన్ని పక్కకు జరిపి, ఇది మొదలుపెట్టింది ఎవరో పేరు చెప్పనక్కర్లేదు, వేలు పెట్టి చూపించు చాలు అన్నాడు. కొడవలి గాటు పడిన అక్క బొటనవేలు ముద్ర మీద నేను వేలు పెట్టాను. అంతే. ఎంతోసేపు కూడా పట్టలేదు.

మూడో రోజు అక్క పాస్‌పోర్టు మీద ఎగ్జిట్ ముద్ర కొట్టించి విమానం ఎక్కించారు. ఆ రోజే, మిగిలినవాళ్ళ నోరు మూయించడానికో ఏమో, ముదీర్ తన కారులో చిన్నమ్మను డాక్టరు దగ్గరికి పంపాడు. ఒక్క ఆమె కార్డే సొరుగులోంచి తీసి నేనే ఇచ్చాను. ఇంకేం కావాలి? కార్డుకు అమ్ముడుపోయి అక్క పేరు చెప్పిందని పన్నెండు మందీ తేల్చేశారు. ఆసుపత్రి కింది గదిలో మధ్యాహ్నం అందరూ ఒకే ప్లాస్టిక్ పట్టా చుట్టూ కూర్చుని తినేవారు. ఆమె వస్తే పట్టా మడిచేవారు. ఒకరోజు ఆమె టిఫిను చేత పట్టుకుని, "అల్లా మీద ఆన, నేను చెప్పలేదు మే" అని ఒక్కొక్కరి ముఖమూ చూసింది. హాజరు పుస్తకంతో గుమ్మంలో నిలబడ్డ నన్ను కూడా చూసింది. నేను ఆమె పేరుకెదురుగా టిక్కు పెట్టి వెళ్ళిపోయాను. ఆ తరువాత ఊరికి పోయి, కూతుర్ని ఎత్తుకుని ఆడించి, సెలవయ్యాక తిరిగొచ్చాను. చిన్నమ్మ తిరిగి వెళ్ళిపోయేదాకా రెండేళ్ళు గోడవైపు తిరిగి కూర్చునే తింది.

శుక్రవారం ఆ వీడియో చూశాక, ఉట్నూరు వైపువాళ్ళను పట్టుకుని అక్క నంబరు సంపాదించాను. ఇప్పుడు పోడు భూముల కోసం ఆడవాళ్ళను వెంటేసుకుని ఆఫీసుల చుట్టూ తిరుగుతోందట. ఫోను చేసి జరిగిందంతా చెప్పాను. ఆమె అవతల కోళ్ళను అదిలించింది. తరువాత అంది: "నాకెందుకు చెప్తున్నవ్ తమ్మీ? నేను ఇంటికొచ్చి నా పని జేసుకుంటున్న. గోసపడ్డది ఆమె. ఆమెకు చెప్పు."

చెబుదామంటే చిన్నమ్మ ఊరు పేరైనా నాకు తెలియదు. మదీనాలో డ్రైవర్లుగా ఉన్న కడప వాళ్ళను అడిగాను, ఎవరికీ తెలియదు. ఆనాటి పన్నెండు మందిలో ఒక్కరైనా చదువుతారేమోనని ఇది రాస్తున్నాను. చెప్పింది ఆమె కాదు, నేను.

ఇప్పుడు ఎవరి ఇకామా వాళ్ళ ఫోనులోనే కనిపిస్తుంది. మా పాత ఆఫీసు ఉన్నచోట గాజు తలుపుల కాఫీ దుకాణం వచ్చింది, పొగమంచు చూడటానికి వచ్చినవాళ్ళు అక్కడ కూర్చుని ఫొటోలు తీసుకుంటారు. కొత్తగా వచ్చిన పిల్లలకు సొరుగు సంగతి చెబితే, ఎందుకు ఊరుకున్నారని అడుగుతారు. మంచి కాలమే వచ్చింది, కాదనను. కానీ అది వచ్చింది వాళ్ళ కోసం. చిన్నమ్మ మాత్రం కడప జిల్లాలో ఏ ఊళ్ళోనో, తాను ఆన పెట్టి చెప్పింది నిజమేనని ఒక్కరి నోటా వినకుండానే ముసలిదైపోయి ఉంటుంది.