రెండు లైన్ల బాబాయి

పెద్దాసుపత్రి కంప్యూటర్ గదిలో అందరూ బాబాయి అని పిలిచే మనిషికి ఉన్న జబ్బు ఒక్కటే. ఎవరు ఏ కష్టం చెప్పుకున్నా పూర్తిగా వినకుండానే, "దానికేముంది, పెర్ల్‌లో రెండు లైన్లు" అంటాడు. పెర్ల్ అంటే కంప్యూటరుకు పనులు పురమాయించే పాత భాష. దాని పేరెత్తితే కుర్రాళ్ళు హెడ్‌ఫోన్లు తగిలించుకుంటారు.

కొత్తగా వచ్చిన మేనేజరమ్మ ఏసీ నుంచి నీళ్ళు కారుతున్నాయన్నా ఆయన అదే మాట అన్నాడు. అన్నట్టే ప్రోగ్రాం రాశాడు కూడా. అది గంటగంటకూ బకెట్ మార్చమని అటెండరుకు మెసేజ్ పంపుతుంది. నీళ్ళు మాత్రం కారుతూనే ఉన్నాయి.

ఇంట్లోనూ అంతే. కూతురి పెళ్ళికి పిలవాల్సిన వాళ్ళ పేర్లన్నీ పెర్ల్‌కే అప్పగించి, ఒకే పేరు రెండుసార్లొస్తే ఒకటి కొట్టెయ్యమన్నాడు. ఇంటిపేరూ, పేరులో మొదటి అక్షరమూ ఒకటే అయిన బావమరుదులిద్దరికీ కలిపి ఒక్క కార్డే వెళ్ళింది. చిన్న బావమరిది ఇప్పటికీ మాట్లాడడు. పెర్ల్‌నే కట్టుకోకపోయారా అని భార్య దెప్పినప్పుడల్లా, ఒక లైను తక్కువైందని బాబాయి ఒప్పుకుంటాడు.

మేనేజరమ్మకు తలనొప్పి తెచ్చింది ఎంక్వయిరీ కిటికీ. రోగి పేరు కొడితే వార్డు చెప్పే ప్రోగ్రాం అక్కడ బాబాయిదే. నల్లటి తెర మీద అరచేతంత తెల్లటి అక్షరాలు. పేరు సగం కొట్టినా, తప్పు కొట్టినా మనిషిని వెతికి పెడుతుంది. చూడ్డానికి మాత్రం బస్టాండులో బోర్డులా ఉంటుంది. అది తీసేసి కొత్తది పెట్టమని సూపరింటెండెంటు ఆర్డరు వేశాడు. బాబాయి ససేమిరా అన్నాడు. మీటింగులో పెర్ల్ గొప్పతనం గురించి అరగంట ఊదరగొట్టి అందరిలో నవ్వులపాలయ్యాడు. మేనేజరమ్మ ఆయన సెలవు పెట్టిన రోజు చూసి కొత్తది పెట్టించేసింది.

మధ్యాహ్నానికి కిటికీ దగ్గర జనం గోల. పురుడు పోసుకున్న భార్యను చూడ్డానికొచ్చిన ఒకాయన్ని ఎముకల వార్డుకు పంపారట. మేనేజరమ్మ పరుగున వెళ్ళేసరికి, కిటికీ వెనక కూర్చునే ఎంక్వయిరీ అక్క ముక్కు తెరకు ఆనించి చిన్న అక్షరాలు వెతుక్కుంటోంది.

"పైకి చెప్పకండి మేడమ్. కళ్ళు ఆనడం లేదని తెలిస్తే ఇంటికి పంపేస్తారు. ఈ ఉద్యోగం మీదే నా పిల్లలు చదువుతున్నారు. బాబాయిగారొక్కరికే తెలుసు" అంది అక్క.

మేనేజరమ్మకు సిగ్గేసింది. పెర్ల్ పిచ్చితో మొండికేశాడని అందరూ అనుకున్నారు. ఆయనే అలా అనుకోనిచ్చాడు. వెంటనే కొత్తది అమ్మినవాళ్ళకు ఫోన్ చేసి అక్షరాలు పెద్దవి చెయ్యమంటే నెల పడుతుందన్నారు. తర్వాత బాబాయికి చేసింది.

"దానికేముందమ్మా..." అన్నాడు.

"తెలుసు బాబాయిగారూ. పాతదే మళ్ళీ పెట్టేయండి" అంది.

మర్నాడు సూపరింటెండెంటు కిటికీ ముందు ఆగి, ఈ బస్టాండు బోర్డు ఇంకా పోలేదేమని అడిగాడు. అక్క తల వంచుకుంది. మేనేజరమ్మ గొంతు సవరించుకుని, "పెర్ల్ చాలా గొప్ప భాష సార్" అని మొదలుపెట్టింది. ఆయన వాచీ చూసుకున్నా వదల్లేదు. చివరికి, ఉంటే ఉండనివ్వమ్మా అని ఆయన వార్డుల వైపు పారిపోయాడు.

గుమ్మంలో నిలబడి అంతా విన్న బాబాయి దగ్గరికొచ్చి, పెర్ల్ గురించి ఆమె చెప్పినదాంట్లో సగం తప్పులేనని మెల్లగా చెవిలో చెప్పాడు.