మంచిది చూసి కోసుకో

ఆదోనిలో తాగే నీళ్లకే కుళాయి దగ్గర కాపు కాయాలి. అట్లాంటి ఊళ్లో నేను బురదలో పెరిగే చెట్టు తెచ్చి పెట్టాను. కాడలు నెత్తురంత ఎర్రగా ఉండే తాటి జాతి మొక్క, ఎక్కడో మలేషియా చిత్తడి నేలలది. కడియం నర్సరీల నుంచి లారీలో తెప్పించాను. వీధిలోవాళ్లు దానికి లిప్‌స్టిక్ చెట్టు అని పేరు పెట్టారు. మా ఆవిడైతే నా రెండో సంసారం అనేది. ఇంటికి వచ్చినవాళ్లకు కాఫీ కంటే ముందు చెట్టును చూపించేవాణ్ణి.

నిజానికి దాన్ని బతికించింది నేను కాదు. వెనక వీధిలో ఒకామె ఉంది, పత్తి ఏరే కూలికి పోయే మనిషి. ఒక ఎండాకాలం మేము పెళ్లికని ఎమ్మిగనూరు పోయి పది రోజులు ఉండిపోతే, తన ఇంటి నీళ్లలోంచే రోజూ ఒక బిందె తెచ్చి దాని మొదట్లో పోసింది. ఎందుకమ్మా అంటే, "నోరు లేనిది గదన్నా, యాడ అడుగుతాది" అంది.

ఆ మరుసటేడు మట్టల ఆదివారం ముందురోజు ఆమె మా గేటు దగ్గరకొచ్చింది. ఆ పండగనాడు చర్చివాళ్లు ఈత మట్టలు పట్టుకొని పాడుకుంటూ వీధుల్లో తిరుగుతారు. "ఈత మట్టలు యాడా దొరకలేదన్నా, ఒక మట్ట ఇస్తావా?" అని అడిగింది.

"అదేం భాగ్యం, రేప్పొద్దున మంచిది చూసి కోసుకో" అన్నాను. నా మనసులో ఉన్నది అడుగున పండిపోయిన మట్ట. అదెట్లాగూ రాలిపోయేదే. ఇచ్చినట్టూ ఉంటుంది, పోయేదీ ఉండదు.

తెల్లారి చూస్తే పండు మట్ట అట్లాగే ఉంది. నడిమధ్య లేత మొవ్వ లేదు. ఒళ్లు మండిపోయింది. లుంగీ ఎగగట్టి రోడ్డెక్కాను. తెల్లచీర కట్టుకొని అందరితో కలిసి పాడుతున్న ఆమె చేతిలోంచి ఆ ఆకు లాక్కున్నాను.

"మొవ్వ కోస్తే చెట్టు సస్తాదని తెలీదా? బుద్ధుందా నీకు?" అని అరిచాను. పాట ఆగిపోయింది.

"మంచిది సూసి కోసుకోమంటివి గదన్నా" అంది ఆమె నెమ్మదిగా. "దేవునికి ఎండిపోయింది ఎట్ల ఇచ్చేది?"

ఆమె మిగతావాళ్ల వెనక ఉత్త చేతులతో నడిచిపోయింది.

చెట్టు చావలేదు. కొస తెగిన ఆకు కొన్నాళ్లకు మొండిగా పైకి వచ్చింది, దాని వెనక మామూలు ఆకులూ వచ్చాయి. ఆమె మాత్రం మళ్లీ మా గేటు దాటలేదు. దారిలో కనబడితే "బాగుండావా అన్నా" అంటుంది. సిగ్గుతో నేనే తల తిప్పుకుంటాను. తిట్టినందుకు తప్పయిందని చెప్పుకోవచ్చు. రాలిపోయేదాన్ని మంచిదని ఇవ్వజూసినందుకు ఏమని చెప్పుకోను?

ఈ ఏడు మట్టల ఆదివారానికి చెట్టు మీద అన్నిటికన్నా నిగనిగలాడే మట్ట కోసుకొని వాళ్లింటికి పోయాను. ఆమె గడపలో కూర్చొని ఎక్కడిదో ఈత మట్ట కడుగుతోంది. నా చేతిలోది చూసి గబుక్కున లేచింది.

"నేను అడగలేదు గదన్నా! ఎందుకు కోసినావు?" అంటూ రెండు చేతులూ వెనక్కి పెట్టుకుంది.