నీటికాకుల దీవి కాపలామనిషి

ఆ రాతిదీవి మీద నీటికాకులకు కాపలా కాసే ఉద్యోగం ఆమెకు భర్త పోయాక వచ్చింది. పదకొండేళ్లు చేసినా ఆ పక్షుల మీద ఇసుమంత గౌరవం పుట్టలేదు. రాయి కనబడనంత ఇరుకుగా గూళ్లు. ఒకటి కాస్త కునికితే చాలు, పక్కది మెడ చాచి దాని గూటి పుల్లలు లాగేసుకుంటుంది. పిల్లల దగ్గరికి పోతే తిన్న చేపంతా కక్కుతాయి. "సిగ్గూ శరం లేని జాతి" అనేది.

సీగల్ పక్షులంటే ఇంకా అసహ్యం. గద్ద నయం, ఆకలేస్తే వచ్చి ఒక పిల్లను తన్నుకుపోతుంది. వీటికి ఆ పౌరుషమూ లేదు. తల్లి గూటిమీద ఉన్నంతసేపూ ఏమీ ఎరగనట్టు తిరిగి, అది లేవగానే గుడ్డు కాజేస్తాయి. తల్లి లేచేది మనిషిని చూసి. అందుకే గుడ్లకాలంలో రాతిచాటున కూర్చునే కాపలామనిషి తప్ప దీవి మీద ఎవరూ అడుగు పెట్టకూడదని నియమం.

ఆ నియమం రాసిన పెద్ద ఆఫీసరే ఒక ఉదయం ఫొటోగ్రాఫర్ని వెంటేసుకుని పడవ దిగాడు. పడవ నడిపేది ఆమె మరిది.

"నేను వద్దనే అన్నా వదినా" అన్నాడు తల గోక్కుంటూ.

"నువ్వా? నీ నోట్లో నాలుకుంటే గదా!"

ఆమె దారికి అడ్డం నిలబడింది. "సార్, ఇంకో అడుగేస్తే అన్నీ లేస్తాయి."

"లేవాలనేగా వచ్చింది! ఎగిరితేనే ఫొటో బాగుంటుంది" అని ఆఫీసరు ఆమెను తప్పించుకుని నడిచాడు.

దీవంతా నల్లగా లేచింది. ఫొటోగ్రాఫర్ "అబ్బ!" అనేలోపే సీగల్స్ వాలాయి. పావుగంటలో నలభై ఒక్క గూళ్లు ఖాళీ. తరుముదామని ముందుకు పోతే మిగిలిన తల్లులూ లేస్తాయి. ఆమె పళ్లు బిగించి కూర్చుంది. ఆఫీసరు బూటుకంటిన రెట్టను రాతికి రుద్దుకుంటున్నాడు.

రోజూ రాసే పుస్తకంలో 'గుడ్లకు శత్రువులు' అని ఒక గడి ఉంది. అందులో రాసింది: సీగల్స్ అరవై, ఆఫీసరు ఒకటి. 'ఒకరు' అని రాయడానికి చెయ్యి రాలేదు.

వారానికి పిలుపొచ్చింది. "ఏంటమ్మా ఇది? దిద్దు!" అని ఆఫీసరు పుస్తకం ముందుకు తోశాడు.

"తప్పే సార్" అని కింద ఇంకో మాట చేర్చింది: ఫొటోగ్రాఫరు ఒకటి.

ఆమెను ఒడ్డున సామాన్ల గదికి మార్చారు. బదులు పంపిన ఇద్దరూ రెట్ట కంపు భరించలేక వరసగా సెలవు పెట్టారు. మూడు వారాలకు గతిలేక మళ్లీ ఆమెనే పంపారు. అప్పటికి కొన్ని జంటలు రెండోసారి గుడ్లు పెట్టాయి.

"బుద్ధుందా మీకు? మళ్లీ ఇక్కడేనా?" అని దూరం నుంచే తిట్టి, రాతిచాటున కూర్చుంది.

ఆ ఏడు ఇరవై ఆరు పిల్లలు ఎగిరాయి. మరిది మురిసిపోతుంటే, "చాల్లే సంబడం! నువ్వు పడవ ఒడ్డున కట్టేసి ఉంచు, అదే పదివేలు" అంది.