స్తంభంతో మాట్లాడిన సర్పంచ్

కుంతల పుట్టింట్లో గయ్యాళి. అత్తవారి ఊరు, ఒడిశాలోని గంజాం జిల్లా బడపడాలో మాత్రం నోట్లో నాలుక లేని మనిషి. కారణం భర్త అన్నగారు గదాధర్ స్వాయిం. అక్కడ తమ్ముడి పెళ్లాం బావగారికి మొహం చూపకూడదు, గొంతు వినిపించకూడదు. ఆయన దగ్గు వినబడితే చాలు, చద్దన్నం తింటున్నదల్లా కంచం వదిలి లోపలికి పరుగెత్తేది.

సర్పంచ్ పదవి ఆడవాళ్లకు కేటాయించిన ఏడు గదాధరే ఆమెను నిలబెట్టాడు. నోరెత్తని మనిషికన్నా మంచి అభ్యర్థి ఎక్కడ దొరుకుతుంది? గెలిచింది, ఆటలో అరటిపండులా. కానీ ఓట్లడగడానికి ఊరవతల దళితులుండే దిగువ పేటకు వెళ్లినప్పుడు అక్కడి సెబతి ఆమె చెయ్యి పట్టుకుని ఏడ్చింది. చెరువు నీళ్లు తాగి, వాంతులూ విరేచనాలతో సెబతి కూతురు ఆ వానాకాలమే పోయింది.

"మీ పేటకు బోరు వేయిస్తాను. నా పిల్లల మీద ఒట్టు" అంది కుంతల. ఓటు కోసం అన్న మాట కాదది.

బోరు మంజూరైంది, ఒకే ఒక్కటి. ఎక్కడ వెయ్యాలో గ్రామసభ తేల్చాలి. గదాధర్ వచ్చి ముందు వరసలో కూర్చున్నాడు. ఆయన చెయ్యవలసిందల్లా అంతే. కుంతల ముసుగు గడ్డం దాకా లాక్కుంది.

ఇంట్లో మరీ తప్పనిసరైతే బావగారికి చెప్పాల్సింది గోడకు చెబుతారు. సభలో ఆమె పక్కనున్న స్తంభం వైపు తిరిగింది.

"స్తంభమా, బోరు దిగువ పేటకే. నేను మాటిచ్చాను."

సభంతా గొల్లున నవ్వింది. గదాధర్ నవ్వలేదు. ఆయనా స్తంభానికే చెప్పాడు.

"స్తంభమా, బోరు మా వాకిట్లో పడుతుందని చెప్పు. పేటవాళ్లొచ్చి పట్టుకుపోతే ఎవరొద్దన్నారు?"

ఎవరొద్దంటారో అక్కడ అందరికీ తెలుసు.

"వాళ్లను ఆ వాకిలి తొక్కనిస్తారా, అడుగు స్తంభమా!" కుంతల గొంతు లేచింది.

"అబ్బో! స్తంభమా, మా తమ్ముడికి చెప్పు, పెళ్లాన్ని ఇంటికి తీసుకుపొమ్మని."

భర్త తలొంచుకుని వచ్చి పక్కన నిలబడ్డాడు. "పద, పరువు తియ్యకు" అన్నాడు. కార్యదర్శి చేతులెత్తమన్నాడు. లోపలున్నవాళ్లంతా గదాధర్ వాకిలికే ఎత్తారు. తీర్మానం మీద సంతకం మాత్రం సర్పంచ్‌దే కావాలి. పెట్టింది. ఛీ, ఆ సంతకం!

పేటవాళ్లతో పాటు బయట నిలబడి సెబతి అంతా వింది. తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

"పోనీలేమ్మా, నువ్వు మాత్రం ఏం చెయ్యగలవు" అంది జాలిగా.

ఊరంతా ఇన్నాళ్లూ అంటున్న మాటే అది. ఆ రోజు కుంతలకు అంతకన్నా పెద్ద బూతు లోకంలో లేదనిపించింది.